ముంపు ఊరి జ్ఞాపకాల గది ఎక్కడ మొదలుపెట్టాలి? ఒప్పందం సంగతి అందులో చెప్పాలా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంత చెబుతాను. మీ కుటుంబం వేలేరుపాడు మండలంలో గోదావరి ఒడ్డున, పోలవరం డ్యామ్ ముంపులోకి వచ్చిన ఊరి నుంచి పునరావాస కాలనీకి వచ్చింది. మీరు ఇప్పుడు టీచరు. ఊరి జ్ఞాపకాలు దాచడానికి కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక గది ఇస్తామన్నారు. ఒక డిగ్రీ కాలేజీ, ఒక స్వచ్ఛంద సంస్థ, ఒకరిద్దరు అధికారులు సాయం చేస్తామంటున్నారు. పెద్దవాళ్ళు మాత్రం "మళ్ళీ ఏం సర్వే?" అని మొహం తిప్పుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని కలుపుకోవాలి, పోలవరం మీద రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం సంగతి అందులో పెట్టాలా, వెబ్‌సైట్ కూడా పెట్టాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా ముంపు ఊళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసే పనిలో ఉన్నాను. మొదట శ్రీశైలం ముంపు వైపు, అంటే కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల్లో చేశాను, తర్వాత గోదావరి వైపు వచ్చాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

పాత వస్తువుల సేకరణతో మొదలుపెట్టకండి. ముందు పెద్దవాళ్ళతో కూర్చుని ఊరి పటం గీయండి. అంతకంటే ముందు, ఈ రికార్డులు ఎవరివి, ఎవరి దగ్గర ఉంటాయి అన్నది ఒక పేజీ మీద రాసుకోండి. ఒప్పందాన్ని తప్పకుండా పెట్టాలి. గదిలో మొదటి గోడ దానిదే కావాలి, దాని పక్కనే మీ ఊరి పటం ఉండాలి.

ఒప్పందం ఎందుకంటే, మీ కాలనీలో పిల్లలకి "డ్యామ్ కడుతున్నారు కాబట్టి వచ్చేశాం" అన్నంతవరకే తెలుసు. ఆ డ్యామ్ ఎత్తు ఎవరు, ఎప్పుడు ఒప్పుకున్నారో తెలియదు. గోదావరి జలాల మీద 1969లో ట్రిబ్యునల్ వేశారు, బచావత్ గారు అధ్యక్షులు. రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాల ఆధారంగానే 1980 జులైలో తుది తీర్పు వచ్చింది. వాటిలో మీకు కావలసినవి ముఖ్యంగా రెండు. ఒకటి 1978 ఆగస్టు నాటిది: పోలవరం నుంచి కృష్ణకు 80 టీఎంసీలు మళ్ళిస్తే, దానికి బదులుగా నాగార్జునసాగర్ ఎగువన కృష్ణా నీళ్ళలో 45 టీఎంసీలు ఆంధ్రప్రదేశ్‌కు, 35 టీఎంసీలు కర్ణాటక, మహారాష్ట్రలకు. రెండోది 1980 ఏప్రిల్ 2న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా చేసుకున్నది: పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. మీ కాలనీలో చిన్నా పెద్దా అందరి నోటా వినిపించే 45.72 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తులో నేల మీద సాగే గీత, ఈ 150 అడుగులే.

ఈ ఒక్క విషయం తెలిస్తే పిల్లలు పటాన్ని వేరేగా చూస్తారు. ఆ సంతకాలు పడేనాటికి మీ తాతల వయసువాళ్ళు పొలంలో ఉన్నారు. ఒప్పందం నీళ్ళ లెక్క, ఎత్తు లెక్క చెప్పింది. ఆ ఎత్తు మీ ఊళ్ళో ఏ చింతచెట్టు దాకా వస్తుందో, ఏ వీధిని రెండుగా కోస్తుందో మీ పెద్దవాళ్ళే చెప్పగలరు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన కనిపించేలా చేయడమే మీ గది చేయాల్సిన పని. మిగతావన్నీ దీని తర్వాతే.

పటం ఎలా గీయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తొందరపడి గూగుల్ మ్యాప్ ప్రింట్ తీసి ముందు పెడతారు. అది పెట్టగానే పెద్దవాళ్ళు నోరు మూసేస్తారు. అది మళ్ళీ సర్వేవాళ్ళ కాగితంలాగే ఉంటుంది కదా. కాలనీలో ఒక ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద సుద్దముక్క ఇచ్చి "అవ్వా, గోదారి ఎటు?" అని అడగండి చాలు. ఒకచోట ఒక కోయ అవ్వ ముందు నది గీసింది, తర్వాత పడవ రేవు, రేవు నుంచి పైకి వచ్చే బాట, బాట పక్కన ముత్యాలమ్మ, ఆ తర్వాత బావి. ఇప్పచెట్లు ఒక్కొక్కటీ చుక్క పెట్టి, ఏ చెట్టు కింద పువ్వు ఏ ఇంటివాళ్ళు ఏరుకునేవాళ్ళో చెప్పింది. తన ఇల్లు అన్నిటికంటే చివర్న పెట్టింది. అప్పటికి చుట్టూ పదిమంది చేరారు. "ఆ బాట అటు కాదు, మా దొడ్డి వెనక నుంచి" అని గొడవ మొదలైంది. ఆ గొడవ మొత్తం రికార్డు చేయాలి. ఊరి చరిత్ర అంతా అందులోనే ఉంటుంది: దారి ఎప్పుడు మారింది, ఎవరి పొలం ఎవరికి పోయింది, ఎనభై ఆరు వరదలో ఎవరు ఏ గుట్ట ఎక్కారు.

ఎనభై ఆరు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. మీ ఊళ్ళో ఎవరైనా గోడ మీద, బడి అరుగు మీద, చెట్టు మొదలు మీద వరద గుర్తు పెట్టి ఉంటారు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఊరి ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తున్నాయన్నారు కదా, ఆ గుర్తుల్ని నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి ఫొటో తీయండి. అదే గోడ మీద నష్టపరిహారం సర్వేవాళ్ళు పెయింటుతో వేసిన ఇంటి నంబరు ఉంటే దాన్నీ తీయండి. వరద ఎత్తు ఊరివాళ్ళు పెట్టుకున్న గుర్తు, ఇంటి నంబరు బయటివాళ్ళు పెట్టిన గుర్తు. ఆ రెండూ ఒకే ఫ్రేములో దొరికితే గదిలో పెద్దది చేసి పెట్టుకోండి.

ఇక ఆ ఒక పేజీ కాగితం. పెద్దవాళ్ళ అనుమానానికి కారణం ఉంది. సర్వేలకు, సంతకాలకు, ఫొటోలకు వాళ్ళు అలిసిపోయారు. ప్రతి ఇంట్లో ఒక పాలిథిన్ కవరు ఉంటుంది, అందులో పట్టా, రేషన్ కార్డు, నోటీసులు, బ్యాంకు పుస్తకం. ఎవరు అడిగినా ఆ కవరు తీసి చూపించడమే వాళ్ళ పని అయిపోయింది. కాబట్టి మీరు వెళ్ళినప్పుడు ఆ కవరు అడగకండి. పునరావాస ప్యాకేజీ గురించిన వివాదాలు వేరు, జ్ఞాపకాల పని వేరు. రెండు ఫైళ్ళూ ఎప్పుడూ కలపకూడదు. మీరు రికార్డు చేసిన మాటలో "మా చిన్నోడు అప్పటికే వేరు పడ్డాడు" అని వస్తుంది. రేపు ఎవరో దాన్ని పట్టుకుని ఆ ఇంటి ప్యాకేజీ మీద ప్రశ్న వేయగలరు. అందుకని బయటపెట్టే ముందు ప్రతి రికార్డింగూ ఆ మనిషికే ఒకసారి వినిపించాలి. తీసేయమన్న ముక్క తీసేయాలి.

ఆ పేజీలో ఇవి ఉంటే చాలు: రికార్డింగు చెప్పినవాళ్ళదీ ఊరిదీ, కాలేజీ దగ్గరా సంస్థ దగ్గరా ఉండేది నకలు మాత్రమే, ఊరివాళ్ళు వద్దంటే తీసేయాలి, గదిలో ఏం పెట్టాలో ఊరివాళ్ళ కమిటీ చెబుతుంది, కూర్చున్న రోజుకి పెద్దవాళ్ళకి కూలి ఇవ్వాలి. చివరిది చూసి సంస్థలు ఇబ్బంది పడతాయి, "డబ్బులిస్తే సహజంగా చెప్పరు" అంటాయి. నేను ఒప్పుకోను. మామిడికాయ కోతకో పొగాకు పనికో పోవాల్సిన మనిషిని పగలంతా కూర్చోబెట్టి ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదు. అందరికీ ఒకే లెక్క ఇస్తే ఏ గొడవా ఉండదు.

ఈ కాగితం కోయలో చదివి వినిపించండి. ఒప్పుకున్నట్టు వేలిముద్ర బదులు వాళ్ళ గొంతులోనే రికార్డు చేసుకోండి. వేలిముద్రలు వాళ్ళు చాలానే వేశారు.

భాష సంగతి ఇంకా గట్టిగా చెబుతున్నాను. కోయలో మాట్లాడేవాళ్ళని కోయలోనే మాట్లాడనివ్వండి. టీచరు ముందు తెలుగులో చెప్పాలని వాళ్ళు తంటాలు పడతారు, కథ మూడు ముక్కలకి కుదించుకుపోతుంది. మీ క్లాసులో కోయ వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్ళతో ప్రశ్నలు అడిగించండి. తాతకి మనవరాలు అడిగినప్పుడు వచ్చే జవాబు మీకూ నాకూ రాదు. రేల పాటలు, పెళ్ళి పాటలు ఆడవాళ్ళ దగ్గర ఉంటాయి, మగవాళ్ళు పక్కన ఉంటే సగమే పాడతారు. వాళ్ళతో విడిగా కూర్చోండి, అదీ ఒక ఆడమనిషి కూర్చుంటే మంచిది.

భూమి పండగ, కొత్తల పండగ, చావు కర్మలకు సంబంధించినవి ఏవి రికార్డు చేయొచ్చో వడ్డె, అంటే ఊరి పూజారి, చెప్పాలి. వద్దంటే వద్దు. ఒక పూజ వీడియో లేనంత మాత్రాన గదికి ఏ లోటూ రాదు. చనిపోయినవాళ్ళకి నిలిపిన రాళ్ళు ఉన్నచోటు కూడా అంతే: పటంలో చూపించడం, చూపించకపోవడం ఆ కుటుంబాల ఇష్టం. మీ మండలంలోనే రుద్రమకోట దగ్గర బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. పురావస్తువాళ్ళు వాటి మీద రాస్తారు, రాయాలి కూడా. కానీ వాటిని అక్కడి పిల్లలు ఏమని పిలిచేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు ఆ రాళ్ళ దగ్గర ఏం చేసేవాళ్ళు అన్నది మీరు రాయకపోతే ఎవరూ రాయరు.

శ్రీశైలం వైపు నేను చూసింది మీకు ఇక్కడ పనికొస్తుంది. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, ఆలంపూర్ తెచ్చి మళ్ళీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే కదిలించారు. గొప్ప పని, చేసినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మనుషులకు ఆ శ్రద్ధ దొరకలేదు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో ఎవరూ రాసుకోలేదు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు తలో దిక్కు పోయారు. నేను వెళ్ళేసరికి ఒక ఊరి పటం పూర్తి చేయాలంటే మూడు పట్టణాల్లో మనుషుల్ని వెతకాల్సి వచ్చింది. మీ వాళ్ళు ఇంకా ఒకే కాలనీలో, లేదా రెండు మూడు కాలనీల్లో ఉన్నారు. ఈ అవకాశం ఎక్కువ కాలం ఉండదు, పెద్దవాళ్ళతో పని ఈ ఏడాదే చేయండి.

అదే వైపు ముచ్చుమర్రి దగ్గర సప్తనదీ సంగమేశ్వరం అనే ఇంకో గుడి ఉంది. ఏటా నీళ్ళలో మునిగి, వేసవిలో బయటపడుతుంది, వేపచెక్క లింగానికి మళ్ళీ పూజలు జరుగుతాయి. ఆ రోజుల్లో చెల్లాచెదురైన ఊళ్ళవాళ్ళు అక్కడ కలుసుకుంటారు. నేను చేసిన రికార్డింగుల్లో మంచివి చాలా అక్కడివే. మీరు కూడా వేసవిలో పెద్దవాళ్ళని తీసుకుని ఒకసారి ఊరికి వెళ్ళండి. కాలనీలో చెప్పినదానికీ, రేవు దగ్గర నిలబడి చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది.

ఎవరిని కలుపుకోవాలి అన్నారు. మీ జాబితాలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఉన్నాయి, సంతోషం. చేపలు పట్టేవాళ్ళు, ఎస్సీ కాలనీవాళ్ళు, లాంచీ నడిపినవాళ్ళు, సంతలో దుకాణం పెట్టినవాళ్ళు లేరు. గిరిజనులకీ గిరిజనేతరులకీ మధ్య భూమి తగాదాలున్నాయి, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కేసులున్నాయి, అది నిజం. అందుకని ఒకే కుర్చీల వరసలో కూర్చోబెట్టి మాట్లాడించకండి. వేరువేరుగా రికార్డు చేసి, పటంలో మాత్రం అందరి ఇళ్ళూ పెట్టండి. ఒకరి కథ ఇంకొకరి కథని కాదంటే, రెండూ ఉంచండి. ఏది నిజమో తేల్చడం మీ పని కాదు.

శబరి అవతలివాళ్ళని కూడా మర్చిపోకండి. కోంటా వైపు, ఒడిశాలోని మోటు వైపు మీకు చుట్టాలు ఉండే ఉంటారు. వాళ్ళ ప్రభుత్వాలు కూడా అదే 1980 కాగితం మీద సంతకం పెట్టాయి. కోంటా ఆనాడు మధ్యప్రదేశ్, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్. ఒకే ముంపు భయం మూడు రాష్ట్రాల్లో మూడు రకాలుగా వినిపిస్తుంది. అక్కడి ఒకరిద్దరి గొంతులు మీ గదిలో ఉంటే, ఒప్పందం అంటే ఏమిటో వివరించే పని సగం తగ్గుతుంది.

పాత కాగితాల కోసం ఎక్కడ వెతకాలో కొంచెం చిక్కు. వేలేరుపాడు, కుక్కునూరు గోదావరికి కుడివైపు, నిజాం రాజ్యంలో ఉండేవి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడే వరకు వరంగల్ జిల్లా కింద ఉన్నాయి. అందుకని పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉండొచ్చు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. నదికి ఎడమవైపు కూనవరం, చింతూరు, వీఆర్ పురం మద్రాసు వాళ్ళవి. 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి ఖమ్మంలో కలిశాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అంటే మీ తాత పుట్టిన ఊరు కదలకుండానే రాష్ట్రాలు, జిల్లాలు మారింది. పహాణీలు (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డులు), గ్రామ నక్షా (ఊరి పటం) ఖమ్మం, భద్రాచలం వైపు అడగండి, కొత్తవి ఇటు ఆంధ్రప్రదేశ్ వైపు అడగండి. ట్రిబ్యునల్ తీర్పు, ముంపు గ్రామాల జాబితాలు, పునరావాస నోటిఫికేషన్లు ఆర్టీఐ పెట్టి తీసుకోవచ్చు. కాలేజీవాళ్ళకి అప్పగించాల్సిన అసలు పని ఇదే. ఉర్దూ చదవగలిగినవాళ్ళని వాళ్ళు పట్టుకురాగలరు. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో చేసిన పరిశోధన కూడా తెప్పించుకుని, అందులోని ఫొటోలు పెద్దవాళ్ళకి చూపించండి. వాళ్ళు చెప్పే దిద్దుబాట్లు రాసుకోండి.

అధికారుల సాయం తీసుకోవాలా? తీసుకోండి. గది, కరెంటు, బీరువా, కాగితాల నకళ్ళు వాళ్ళ వల్లే సులువుగా వస్తాయి. రాసే మాట మాత్రం ఊరివాళ్ళదే కావాలి. ఒక కాలనీలో బోర్డు మీద ఏం రాయాలో పైనుంచి టైపు చేసి పంపారు, ఎకరాల లెక్క, కుటుంబాల లెక్క, ప్రాజెక్టు లాభాలు. ఊరి పేరు ఒకచోట తప్పుగా పడింది. ఊరివాళ్ళు ఆ బోర్డు ముందు నిలబడరు, పిల్లలు చదవరు. అలా కాకుండా ఉండాలంటే కమిటీ సంతకం లేకుండా ఏ బోర్డూ పెట్టకూడదని ఆ ఒక పేజీలోనే రాసుకోండి. లాభాలు దాచమని అనడం లేదు. కృష్ణా డెల్టా రైతుకి నీళ్ళు కావాలి, అదీ గోడ మీద ఉండాలి. డెల్టాలోని ఒక బడి పిల్లల్ని మీ గదికి రమ్మని పిలవండి. వాళ్ళ పొలానికి వచ్చే నీళ్ళ వెనక ఎవరున్నారో వాళ్ళు చూడాలి.

"ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా" అన్నారు. కెనడా, అమెరికాల కొలంబియా నది ఒప్పందం చూడండి. 1961లో సంతకాలు, 1964 నుంచి అమలు. దిగువన అమెరికాకు వరద రక్షణ, ఎక్కువ కరెంటు. ఆ అదనపు కరెంటు లాభంలో సగం కెనడాకు. దానికోసం బ్రిటిష్ కొలంబియాలో డంకన్, కీన్లీసైడ్, మైకా ఆనకట్టలు, అమెరికాలో లిబ్బీ కట్టారు. దాదాపు 2,300 మంది ఊళ్ళు వదిలారు. యారో సరస్సుల ఒడ్డున రెనాటా లాంటి పండ్లతోటల ఊళ్ళు పోయాయి. అక్కడి మూలవాసుల్ని ఎవరూ అడగలేదు. సినిక్స్ట్ జాతినైతే 1956లోనే కెనడాలో "అంతరించింది" అని రాసేశారు. 2021లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గానీ వాళ్ళ హక్కుకి అక్కడ గుర్తింపు రాలేదు. స్థానికులు పట్టుబట్టగా 1995లో కొలంబియా బేసిన్ ట్రస్ట్ వచ్చింది, లాభంలో కొంత ఆ లోయకే ఖర్చవుతోంది. ఒప్పందాన్ని సవరించే చర్చలు 2018లో మొదలయ్యాయి, మరుసటి ఏడు మూడు మూలవాసీ జాతుల ప్రతినిధులు పరిశీలకులుగా వాటిలోకి వచ్చారు. పోయిన ఊళ్ళకి గుర్తింపు కావాలని జనం ఆ సమయంలోనూ అడిగారు.

సంతకాలు పడిన దాదాపు అరవై ఏళ్ళకి కూడా జనం అడగగలిగారంటే, తమ ఊళ్ళ ఫొటోలు, పటాలు, మాటలు ఇళ్ళలోనూ చిన్న మ్యూజియంలలోనూ భద్రంగా ఉండబట్టే అని నా నమ్మకం. మీ పని ఇప్పుడే ఎందుకు అని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

చివరిగా వెబ్‌సైట్. మొదటి ఏడాది వద్దు. రికార్డింగులు మూడు చోట్ల దాచండి: గదిలో ఒక హార్డ్ డిస్క్, కాలేజీలో ఒకటి, వేరే ఊళ్ళో నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి. ఫైలు పేరులో తేదీ, ఊరు, భాష, విషయం ఉండాలి. మనిషి పేరు విడిగా పుస్తకంలో రాసుకోవాలి. ఫోన్‌తోనే రికార్డు చేయొచ్చు, ఫ్యాన్ ఆపి, టీవీ ఆపి, ఫోన్ మనిషికి దగ్గరగా పెడితే చాలు. వాట్సాప్‌లో మాత్రం పంపుకోకండి, ఒకసారి బయటికి పోయిన పాట వెనక్కి రాదు. ఏడాది అయ్యాక కమిటీ కూర్చుని ఏది బయట పెట్టొచ్చో తేల్చాక వెబ్‌సైట్ గురించి ఆలోచించండి.

నది పెరిగేలోపు మొదటి రెండు పటాలు పూర్తయితే, ఆ ఫొటోలు ఇక్కడే పెట్టండి. ఇళ్ళ నంబర్లు, మనుషుల పేర్లు కనపడకుండా చూసుకోండి. కాంటూరు గీత వాటి మీద ఎలా వేయాలో అప్పుడు చెబుతాను. అది పటం చూడకుండా చెప్పడం కష్టం.